జేబులో నలభై ఒక్క మూతలు

మార్చి 4, సోమవారం

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా "మీ చిరునవ్వే రోగికి తొలి మందు" అని అచ్చు వేశారు. ఆ తొలి మందు స్టాకు అయిపోయి చాలా కాలమైందని వాళ్లకెవరైనా చెబితే బాగుండు. రాయడం మొదలుపెట్టే ముందు పది పేజీల మీద ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. ప్రాణానికి హాయిగా ఉంది.

ఎందుకు రాస్తున్నానో తెలియదు. పద్నాలుగేళ్లుగా రాస్తూనే ఉన్నాను: బీపీ, జ్వరం, ఎక్కించిన మందు, టైము, సంతకం. నా గురించి రాసుకునే గడి మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఇవాళ కీమో వార్డులో ఇరవై నాలుగు కుర్చీలూ నిండాయి. మా పెద్ద సిస్టరు కాక ఏడుగురు సిస్టర్లం ఉండాలి. ఉన్నది నలుగురం. ఒకామె కాన్పు సెలవులో ఉంది, ఇద్దరు మానేశారు. మానేసిన వాళ్ల పేర్లు డ్యూటీ చార్టులో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చార్టు చూసినవాళ్లెవరైనా మాకేం లోటు లేదనుకుంటారు.

బాక్సు తెరవలేదు. సాయంత్రం అత్తయ్య ఆ అన్నం బాక్సుని చేత్తో ఎత్తి బరువు చూసింది.

"దీనికి ఊరంతా తిప్పి చూపించి తీసుకొచ్చావా?" అంది.

నేను బాగానే ఉన్నాను. కొంచెం నిద్ర తక్కువ, అంతే.

మార్చి 6, బుధవారం

బాక్సు తెరవలేదు. బాగానే ఉన్నాను.

మార్చి 8, శుక్రవారం

మూడో కుర్చీ టీచరమ్మ పోయింది. ఇంట్లోనే పోయిందట. పొద్దున్నే ఆమె కొడుకు వార్డుకి ఫోన్ చేసి చెప్పాడు.

రెండేళ్లు వచ్చిందావిడ. చేతికి సూది గుచ్చిన ప్రతిసారీ పదికి మార్కులు వేసేది. "ఇవాళ ఏడు. చెయ్యి వణికింది." "ఇవాళ ఎనిమిదిన్నర. పర్వాలేదు, పైకొస్తావు." పద్నాలుగేళ్ల సర్వీసున్నదాన్ని పట్టుకుని పైకొస్తావనేది.

ఫోన్ పెట్టేయగానే నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఇదీ: అయితే మూడో కుర్చీ ఖాళీ.

రాయకూడదనుకున్నాను. రాసేశాను.

పావుగంటలో ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాం. దుప్పటి నేనే మార్చాను. మా అందరిలోకీ చిన్నది, చేరి ఎనిమిది నెలలైన పిల్ల, స్టోర్ రూమ్‌లోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది. బక్కగా ఉండి ఒకచోట నిలవదని దాన్ని అందరం పిచ్చుక అంటాం. నేను వెళ్లి తలుపు కొట్టాను.

"ఏడుపేదో ఇంటికెళ్లి ఏడుద్దువుగానీ రా. పన్నెండో కుర్చీ సెలైన్ అయిపోయింది."

అది ముఖం తుడుచుకుని వచ్చింది. నా వైపు చూడలేదు.

మార్చి 10, ఆదివారం

బుజ్జి ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. సంతకం పెట్టి ఇచ్చేశాను. అది కాసేపు కార్డు వంకే చూస్తూ నిలబడింది.

"చూడకుండానే పెట్టావమ్మా."

"చూశానే."

"ఐతే లెక్కల్లో ఎన్ని వచ్చాయో చెప్పు?"

చెప్పలేకపోయాను. తీరా చూస్తే సంతకం పక్కన 7.10 అని టైము కూడా వేసి ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద! వాళ్ల టీచరు ఏమనుకుంటుందో ఏమో. ఈయన పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాలి కదా.

మార్చి 11, సోమవారం

ఇవాళ ఏమీ జరగలేదు.

మార్చి 12, మంగళవారం

ఏమీ జరగలేదని నిన్న రాశాను. జరిగింది.

కీమో మందు ఎక్కించే ముందు ఇద్దరు సిస్టర్లు ఆ మనిషి కుర్చీ దగ్గరే నిలబడి పేరు, మందు, మోతాదు పైకి చదవాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. రూలు అదీ. కానీ ఇద్దరం ఒక కుర్చీ దగ్గర నిలబడితే మిగతా కుర్చీల్ని చూసేదెవరు? అందుకని పొద్దున రాగానే రెండో సిస్టరు ఇరవై నాలుగు కాగితాల మీదా తన సంతకం ముందే పడేస్తుంది. మా వార్డులో దీన్ని ముందు సంతకాలు అంటాం. ఏదో మంచి పద్ధతి అన్నట్టు పేరు కూడా పెట్టుకున్నాం. నిన్న ఆ సంతకాలు పిచ్చుకవి.

ఏడో కుర్చీలో టైలరు గారు. మూడు వారాలకోసారి, సోమవారం వస్తారు. ఆయన మందు ఎర్రగా ఉంటుంది. ఎనిమిదో కుర్చీ పెద్దాయన మందు నీళ్లలా తెల్లగా ఉంటుంది. రెండు ట్రేలూ నా చేతిలోనే ఉన్నాయి. ఫోన్ మోగింది. ట్రేలు దించి ఫోన్ తీశాను. ఎవరో కుర్చీ ఖాళీ ఉందా అని అడిగారు. ఫోన్ పెట్టేలోపు ఒకావిడ ఫారం మీద ఎక్కడ రాయాలో చూపించమంది. చూపించాను. డాక్టరు గారు అటు నుంచి పెన్ను అడిగారు. ఇచ్చాను. ట్రే తీసుకున్నాను. సంచి తగిలించాను, గొట్టం కలిపాను, బిగింపు వదలబోతున్నాను.

"సిస్టరమ్మా, నాది ఎర్రగుడ్డ కదా. ఇవాళ తెల్లగుడ్డ తెచ్చారేం?" అన్నారు టైలరు గారు.

ఎప్పటిలాగే సరదాగా అన్నారు. ఆయనకేం తెలుసు. బిగింపు మీద నుంచి చెయ్యి తీసేశాను.

"కొత్త సీసా అండీ. ఉండండి, చూసి వస్తాను" అని అబద్ధం చెప్పి, సంచీ గొట్టమూ రెండూ తీసుకుపోయాను. ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు. అంతా కొత్తగా తగిలించి, ఆయన మందు ఆయనకి, ఈయన మందు ఈయనకి ఎక్కించాను. సాయంత్రం దాకా పని చేశాను. ఎవరితోనూ అనలేదు. ఇంటికొచ్చి ఏమీ జరగలేదని రాశాను.

ఆయన గనక కళ్లు మూసుకుని ఉంటే?

మార్చి 13, బుధవారం

రాజీనామా రాశాను. నాలుగే వాక్యాలు. "వ్యక్తిగత కారణాల వల్ల" అని మొదలుపెట్టాను. తేదీ వేయలేదు. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇవాళ బ్యాగు తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది.

బాక్సు తెరవలేదు.

మార్చి 15, శుక్రవారం

సిస్టర్లు అలిసిపోతున్నారని పైవాళ్లకి ఎలాగో తెలిసింది. కాబట్టి డ్యూటీ అయ్యాక గంటసేపు ఒత్తిడి తగ్గించే క్లాసు పెట్టారు. తప్పకుండా రావాలి, రాకపోతే సగం రోజు సెలవు కోత. ఒకాయన వచ్చి గాలి ఎలా పీల్చాలో నేర్పాడు. పొద్దుటి నుంచీ పీల్చకుండానే బతికామా, బాబూ?

"కళ్లు మూసుకుని, మీకు ఇష్టమైన చోటును ఊహించుకోండి" అన్నాడు.

నా పక్కనున్న మా పెద్ద సిస్టరు గుర్రు పెట్టడం మొదలుపెట్టింది. వార్డు మొత్తానికీ పెద్ద తనే. ముప్పై ఏళ్ల సర్వీసు, ఇంకో రెండేళ్లలో రిటైరవుతుంది. నిద్ర లేపితే, "ఊహించుకోవడం దేనికి, నేను అక్కడికే వెళ్లొచ్చాను" అంది.

చివర్లో అందరికీ నవ్వుతున్న ముఖం బొమ్మ ఉన్న బ్యాడ్జీలు పంచారు. నాది బుజ్జికిచ్చాను. అది మా పిల్లికి కట్టింది.

మార్చి 18, సోమవారం

ఇవాళ సాయంత్రం ఈయన నడిపే బస్సు దొరికింది. ఎప్పుడో గానీ దొరకదు. ముందు సీట్లో కూర్చున్నాను. ఇంట్లో నోరు మూయని మనిషి, నన్ను చూసి కూడా ఒక్క మాట మాట్లాడలేదు. కళ్లతో నవ్వి మళ్లీ రోడ్డు వైపు తిరిగారు. ఆయన తల పైన, నేను కొన్ని వందల సార్లు చూసిన బోర్డు: "డ్రైవరుతో మాట్లాడరాదు."

దిగేదాకా ఆ బోర్డునే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చాక అడిగాను. "ఎవరైనా మాట్లాడితే ఏం చేస్తారు?"

"బోర్డు చూపిస్తాను. అయినా వినకపోతే బండి పక్కకి ఆపుతాను. నలభై మందిని వెనకాల పెట్టుకుని కబుర్లాడతానా?"

"నిద్ర చాలకపోతే?"

"ఎనిమిది గంటల విశ్రాంతి లేకపోతే డిపోలో బండి తాళమే ఇవ్వరు. రిజిస్టర్లో రాసుకుంటారు. ఎందుకు, ఇవాళ కొత్తగా అడుగుతున్నావు?"

అప్పుడు టైలరు గారి సంగతి చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఎన్ని నెలలకో. ఈయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

"నీ తలమీద బోర్డు ఎవరు పెట్టాలి మరి?" అన్నారు.

మార్చి 19, మంగళవారం

వాంతులు రాకుండా ముందుగా ఇచ్చే ఇంజెక్షన్ సీసాలకి చిన్న నీలం మూతలుంటాయి. మందు కలుపుతున్నప్పుడో ఎక్కిస్తున్నప్పుడో ఎవరైనా నన్ను పిలిస్తే ఒక మూత జేబులో వేసుకోవాలని పొద్దున అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా జేబు గలగలలాడింది. డ్యూటీ దిగాక టేబుల్ మీద కుమ్మరించి లెక్కపెట్టాను. నలభై ఒకటి.

ఎవరెందుకు పిలిచారో కూడా గుర్తున్నంతలో రాశాను. ఫోన్లు పద్నాలుగు. "మా వాళ్లకి ఎప్పుడు పెడతారు" తొమ్మిది. ఫారాలు, ఫైళ్లు ఎనిమిది. మందుల షాపు నుంచి తేవడానికి ఆరు. ఏసీ తగ్గించమని మూడు. డాక్టరు గారి పెన్ను ఒకటి. గీతలు గీసి పట్టీ వేశాను. రాయడానికి బ్యాగులో ఇంకే కాగితమూ లేక, రాజీనామా వెనక వైపు వేశాను.

బాక్సు తెరవలేదు. కానీ ఇవాళ ఎందుకు తెరవలేదో తెలుసు.

మార్చి 21, గురువారం

జేబు చప్పుడేమిటని పిచ్చుక అడిగింది. చెప్పాను. టైలరు గారి సంగతీ చెప్పాను.

"అక్కా, ఆ కాగితం మీద సంతకం నాది. నేను చూడలేదు."

"నువ్వు చూసే వీలు లేకుండా చేశాం కదే. నేనూ ఇన్నేళ్లూ అలాగే పెట్టాను."

"నేను మానేద్దామనుకుంటున్నానక్కా. ఇంట్లో చెప్పలేదు."

నా బ్యాగులో ఉన్నది దానికి చూపించబోయి ఆగిపోయాను. మొన్న స్టోర్ రూమ్ తలుపు కొట్టినందుకు క్షమించమని మాత్రం అడిగాను. అది పోతూ పోతూ ట్రేలోంచి నాలుగు నీలం మూతలు ఏరి తన జేబులో వేసుకుంది.

మార్చి 26, మంగళవారం

నలుగురం మూతలు వేస్తున్నాం. ఖాళీ మందు డబ్బాలో అన్నీ కలిపి పోస్తున్నాం. నూట ముప్పైకి తగ్గడం లేదు. పెద్ద సిస్టరు చూసి మండిపడింది.

"ఆడుకోవడానికి టైముందా మీకు? పిలిస్తే పలకడం కూడా పనేగా! మా రోజుల్లో..."

"మీ రోజుల్లో ఎన్ని కుర్చీలు మేడం?" అంది పిచ్చుక. గొంతులో భయం లేదు.

"ఎనిమిది" అని మేడం వెళ్లిపోయింది. సాయంత్రం చూస్తే ఆవిడ చీర మీది గౌను జేబులోనూ ఏదో గలగలమంది. నేను విననట్టు ఊరుకున్నాను.

ఏప్రిల్ 1, సోమవారం

టైలరు గారు వచ్చారు. సూది పెట్టాను. కలిపి పెట్టిన ఎర్రమందు చూపించి, పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏడో కుర్చీ పక్కన నేను కూర్చోవడం ఇదే మొదటిసారి.

"కిందటిసారి కొత్త సీసా అన్నాను చూడండి, అది అబద్ధం. పక్కాయన మందు మీకు తగిలించాను. మీరు అడగకపోతే ఎక్కించేదాన్ని."

ఆయన నా వైపు, ఎర్రమందు వైపు మార్చి మార్చి చూశారు. వాళ్లావిడ చేతిలో సంచీ గట్టిగా పట్టుకుంది. సూది తీసేయమంటారనుకున్నాను. ఈ వార్డుకి ఇక రానంటారనుకున్నాను.

"ఒకసారి షాపు నిండా జనం. ఒకాయన కొలతలతో ఇంకొకాయన గుడ్డ కత్తిరించేశాను" అన్నారు చివరికి. "నా తప్పే. కాదనను. కానీ ఆ రోజు నన్ను పది మంది పది పక్కల నుంచి పిలుస్తున్నారు."

"అవునండీ."

"నాదైతే విప్పి కుట్టొచ్చు, సిస్టరమ్మా. మీది విప్పి కుట్టేది కాదుగా."

"కాదండీ."

"మరి ఏం చేస్తున్నారు?"

ఏం చేస్తున్నారు అని అడిగారు. ఎందుకు చేశారని అడగలేదు. బస్సు బోర్డు గురించి చెప్పాను. మెడలో తగిలించుకునే అట్ట ఏదైనా రాయిద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆయన మొహం చిట్లించారు.

"అట్టముక్కలేంటండీ! వంగితే మందులో పడుతుంది. పసుపురంగు కోటు కుట్టిస్తా, చేతులు లేనిది. నేను కత్తిరిస్తా, ఈవిడ మిషను తొక్కుతుంది. ఎంతమంది మీరు?"

టేపు లేకపోతే వాళ్లావిడ దారం తీసి నా భుజాల మీద పెట్టి కొలిచింది. చెయ్యి విసురుగానే ఉంది. ఆవిడ నన్ను ఇంకా క్షమించలేదు. కొలత మాత్రం సరిగ్గా తీసుకుంది.

ఏప్రిల్ 2, మంగళవారం

పొరపాట్ల రిజిస్టరు పెద్ద సిస్టరు బీరువాలో ఉంటుంది. తాళం వేసి. అడిగితే, "ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఎందుకు రాసి నెత్తిమీదకు తెచ్చుకోవడం?" అంది. రాస్తానన్నాను. ఆ రిజిస్టర్లో "కారణం" అని ఒక గడి ఉంటుంది. వెనక్కి తిప్పి చూశాను. ప్రతి కారణమూ ఒకటే: "సిస్టరు అజాగ్రత్త." పదేళ్లుగా అదే చేతిరాత, అదే మాట.

నేను రాసింది: ఇరవై నాలుగు కుర్చీలు, నలుగురు సిస్టర్లు, ఒక పూటలో మందు మధ్యలో నలభై ఒక్క పిలుపులు, ముందు సంతకాలు. నా పేరు రాసి సంతకం పెట్టాను. రెండో సంతకం ఎవరిదో రాయాల్సిన చోట ఆగాను. పిచ్చుక ఇంకా పర్మనెంటు కాలేదు. దాని పేరు పడితే రేపే ఇంటికి పంపిస్తారు.

పెద్ద సిస్టరు కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. రెండుసార్లు చదివింది. నా చేతిలో పెన్ను లాక్కుంది. చించేస్తుందేమో అనుకున్నాను. ఖాళీ చోట ఆవిడ ఇలా రాసింది: "ముందు సంతకాలు పెట్టమని అందరికీ చెప్పింది నేను." కింద తన పూర్తి పేరు, ముప్పై ఏళ్ల సర్వీసు, సంతకం.

"రెండేళ్లలో పోయేదాన్ని. నన్నేం చేస్తారు?" అని, "ఆ పిచ్చుక ఎగిరిపోకుండా చూడు" అంది.

ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని మానేశాను.

ఏప్రిల్ 8, సోమవారం

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

రిజిస్టరు చూసి సూపరింటెండెంటు గారు పిలిపించారు. పెద్ద సిస్టరు, నేను వెళ్లాం. పిచ్చుక పట్టీని శుభ్రంగా తిరగరాసి తెచ్చి ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే ఇరవయ్యో కుర్చీ ఆవిడకి మందు పడక వణుకు పుట్టింది. పిచ్చుక ఆవిడని వదిలి రాలేదు. మంచి పని చేసింది.

"ఏదో లెక్క ఉందన్నారు, ఏదీ?" అన్నారు సార్.

గత్యంతరం లేక బ్యాగులోంచి చిత్తుకాగితం తీసి ఇచ్చాను. ఆయన పైనుంచి కిందికి చదివారు. డాక్టరు గారి పెన్ను దగ్గర చిన్నగా నవ్వారు. నవ్వుతూనే కాగితం తిప్పారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, వెనక ఏముందో.

పెద్ద సిస్టరు తొంగి చూసి నా మోచెయ్యి గట్టిగా నొక్కింది.

"వ్యక్తిగత కారణాలు అని రాశారు. ఏంటవి?" అన్నారు సార్.

"అటువైపు తిప్పండి సార్. అటు ఉన్నవే."

నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన నిజంగానే తిప్పారు. మళ్లీ ఇటు తిప్పారు.

"తేదీ వేయలేదేం?"

"అది మీ చేతిలో ఉంది సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కోపమే అనుకున్నాను.

"సిస్టర్లు లేరమ్మా. అడిగితే, మీకు ఏడుగురు ఉన్నారుగా అంటున్నారు పైవాళ్లు. నేనెక్కణ్ణుంచి తేను?"

"ముందు ఆ మానేసిన వాళ్లిద్దరి పేర్లూ చార్టులోంచి తీయించండి సార్. వాళ్లు కాగితం మీద డ్యూటీ చేస్తున్నంతకాలం మాకు మనుషులు రారు" అంది పెద్ద సిస్టరు.

ఆయనకా సంగతే తెలియదట. చార్టు తెప్పించి చూసి తల పట్టుకున్నారు.

అడగాల్సినవన్నీ అడిగేశాం. మందు పెట్టే సిస్టరుని ఎవరూ పిలవకూడదు, సార్‌తో సహా. ఫోన్లకీ ఫారాలకీ ఒక క్లర్కు కావాలి. ముందు సంతకాలు బంద్. ఇద్దరం కుర్చీ దగ్గర నిలబడి చదవడానికి వీలుగా పూటకి పద్దెనిమిది కుర్చీలే, మిగతా ఆరూ రెండో పూటకి. అరగంట కూర్చుని తినాలి. ఎవరైనా పోతే, చూసుకున్నవాళ్లకి పది నిమిషాలు. గాలి పీల్చే క్లాసు వద్దు.

"ఆ క్లాసుకేమైంది?" అన్నారు.

"నిద్ర బాగా పట్టింది సార్" అంది పెద్ద సిస్టరు.

ఒక నెల చూద్దామన్నారు. చార్టు సరిచేసి ఇద్దరు సిస్టర్లను అడుగుతామన్నారు, వాళ్లొచ్చాకే తిండి అరగంట. కాగితం తిరిగిమ్మంటే ఇవ్వలేదు.

"ఇది నా ఫైల్లో ఉంటుంది. రెండు వైపులా" అన్నారు.

మెట్లు దిగుతుంటే పెద్ద సిస్టరు నన్ను ఆపింది. "నాకు చెప్పకుండా రాజీనామా రాస్తావా? నీ సంగతి తర్వాత చెబుతా" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇద్దరం మెట్ల మీదే కూర్చుని పిచ్చివాళ్లలా నవ్వాం.

ఏప్రిల్ 15, సోమవారం

పసుపు కోట్లు వచ్చాయి. వీపు మీద ఎర్రదారంతో కుట్టు: "మందు పెడుతున్నారు. మాట్లాడరాదు."

మొదటి రోజు గందరగోళమే. క్లర్కుకి ఫోను ఎలా తిప్పాలో తెలియలేదు. ఇద్దరు చుట్టాలు పోట్లాటకి వచ్చారు. నేను కూడా కోటు వేసుకున్న పిచ్చుకని రెండుసార్లు పిలిచి నాలుక కరుచుకున్నాను.

మూతలు: తొమ్మిది. నలభై ఒకటి ఎక్కడ, తొమ్మిది ఎక్కడ!

బాక్సు తెరవలేదు. తిండి అరగంట ఇంకా రావాలి.

ఏప్రిల్ 22, సోమవారం

డాక్టరు గారు కోటు వేసుకున్న నన్ను పెన్ను అడిగారు. ఏడో కుర్చీలోంచి టైలరు గారు చెయ్యెత్తి, "సార్, వీపు చదవండి. నేనే కుట్టాను" అన్నారు. వార్డంతా గొల్లుమంది. డాక్టరు గారు కూడా నవ్వి, క్లర్కు దగ్గర పెన్ను తీసుకున్నారు.

మే 3, శుక్రవారం

పదిహేడో కుర్చీ తాతయ్య పోయారు. పది నిమిషాలు. కుర్చీ ఖాళీగానే ఉంచి, స్టోర్ రూమ్‌లో నిలబడ్డాం. తాతయ్య తన చెప్పులు ఎవరో మార్చుకుపోతారని దిండు కింద పెట్టుకునేవారని పిచ్చుక అంది. నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఉన్నట్టుండి నేను టీచరమ్మ మాట ఎత్తాను.

"నాకు ఎనిమిదిన్నర దాటనివ్వలేదు."

"నాకు తొమ్మిది వేసిందక్కా."

"అబద్ధం!"

"ఒట్టు. ఒక్కసారే."

"నాకు ఆరు. ముప్పై ఏళ్ల సర్వీసుకి ఆరు" అంది పెద్ద సిస్టరు.

రెండు నెలల కిందటి ఏడుపు అప్పుడొచ్చింది నాకు. అందరి ముందూ భోరుమన్నాను. పిచ్చుక తలుపు లోపలి నుంచి గడియ వేసి, దానికి ఆనుకుని నిలబడింది. ఎవరినీ తలుపు కొట్టనివ్వలేదు.

టీచరమ్మా, ఆ రోజు నేను కుర్చీ ఖాళీ అనుకున్నాను. క్షమించు.

మే 12, ఆదివారం

బుజ్జి కార్డు తెచ్చింది. పేరు చదివాను, తరగతి చదివాను, ఒక్కో సబ్జెక్టూ పైకి చదివాను. లెక్కల్లో తగ్గాయి. తిట్టాను. అది సంబరపడింది.

మే 13, సోమవారం

రెండు వార్తలు. కాదు, మూడు.

కొత్త సిస్టర్లు ఇద్దరు చేరారు. చార్టులో పేర్లు, కుర్చీల దగ్గర మనుషులు, ఇప్పుడు లెక్క సరిపోయింది. నెల గడువు దాటిందని గుర్తుచేస్తే సూపరింటెండెంటు గారు, "ఏ నెల?" అన్నారు. ఇది ఇక ఇలాగే నడుస్తుందట. పిచ్చుక పర్మనెంటు కాగితం మీద సంతకం కూడా చేశారు.

టైలరు గారికి ఇవాళ ఆఖరి సంచి. కోటు వేసుకుని నేనూ పిచ్చుకా ఏడో కుర్చీ దగ్గర నిలబడ్డాం. పేరు చదివాం. మందు చదివాం. మోతాదు చదివాం. పెద్ద వార్డులో మా ఇద్దరి గొంతులే వినిపించాయి.

"రంగు?" అన్నారు టైలరు గారు.

"ఎరుపండీ" అన్నాం ఇద్దరం.

"అయితే వదలండి."

వదిలాను. ఆ ఎర్ర చుక్కలు దిగుతుంటే వాళ్లావిడ నా దగ్గరకొచ్చి, కోటు భుజం దగ్గర పోగు లేచిందని పంటితో కొరికి తీసి, చేత్తో సర్ది, వీపు మీద ఒక్కటి తట్టింది. ఆ తట్టడం ఏమిటో నాకు అర్థమైంది.

డ్యూటీ దిగేముందు జేబు బయటికి లాగి చూశాను. ఒక్క మూత కూడా లేదు.

సాయంత్రం అత్తయ్య అలవాటు ప్రకారం బాక్సు ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోకి లేచిపోయింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మూత తీసి లోపలికి చూసింది.

"ఎవరికి పెట్టేశావే?"

"నేనే తిన్నానత్తయ్యా. కూర్చుని. అరగంటసేపు."

"అంతా?"

"అంతా. కూరలో ఉప్పు తక్కువైంది."

అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పదేళ్లుగా అంతే వేస్తున్నానే తల్లీ! ఇన్నాళ్లూ ఒక్కసారి చెప్పలేదేం?" అని నన్ను తిడుతూనే వంటింట్లోకి పోయి, రేపటి కూరకి ఏం కావాలో చెప్పమని అక్కణ్ణుంచే కేకేసింది.